అమావాస్యకు ఆగిన డ్రెస్సింగ్

మా చిన్నాయన యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఆయన కోసమే పుట్టిందేమో. ఆయన మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

మా తమ్ముడు అదే క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగి. మొన్నటి ఎండాకాలం తార్నాకలోని ఒక ఆసుపత్రిలో వాడికి గుండె ఆపరేషనైంది. తర్వాత గాయం చీము పట్టింది. మళ్లీ రొమ్ము తెరిచారు. ఎముక కలపకుండా వదిలేసి, గాయంలో నల్లటి స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ అంటించి, గొట్టంతో మిషన్‌కు తగిలించారు. అది చీమును పీలుస్తూ ఉంటుంది. పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"కింద గుండె కొట్టుకుంటున్నది మేడం. స్పాంజి నేరుగా అంటుకున్నా, ఆ గుంజుడుకు గుండె జరిగి ఎముక అంచుకు రాసుకున్నా చినుగుతది. అందుకే మధ్యల జిడ్డు జాలీగుడ్డ పొరలు పరుస్త. ప్రతిసారి నేనే పరుస్త."

స్పాంజి మార్చే రోజు పొద్దున్నే చిన్నాయన సీతాఫల్‌మండి నుంచి ఇడ్లీ క్యారియరుతో దిగాడు.

"ఈ పొద్దు అమావాస్య పాపా. గాయం విప్పకూడదు. రేపు చేయిద్దాం."

"రేపు పెద్ద డాక్టరు ఊళ్లో ఉండడు చిన్నాయనా."

"ఎవురో ఒకరు ఉంటారులే. ఈడ మేనేజరు నా స్టూడెంటే."

క్యాంపస్ వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. సీటు కావాలన్నా, క్వార్టర్ కావాలన్నా ఎక్కడో ఒక శిష్యుడు దొరుకుతాడు. ఈ శిష్యుడు సారు మాట కాదనలేక, ఇంటివాళ్లు ఒప్పుకోవడం లేదని పెద్ద డాక్టరుకు కబురు పంపాడు. అది అబద్ధమని చెబుదామని నేను వెళ్లేసరికి ఆయన ఇంకో ఆపరేషన్‌లో ఉన్నాడు; అటునుంచి అటే ఊరికి వెళ్లిపోయాడు.

మర్నాడు వేరే డాక్టరు చేశాడు. డ్రెస్సింగ్ సామానంతా మేమే కొనిచ్చేవాళ్లం. పని అయ్యాక నర్సు కవరు తిరిగి ఇచ్చింది.

"మిగిలినయి మేడం. కింద మెడికల్ షాపుల వాపస్ తీసుకుంటరు."

అందులో జాలీగుడ్డ పొట్లాలు ఒక్కటీ విప్పలేదు.

"ఇవి లోపల పెట్టలేదా?"

"సారు అడగలే. స్పాంజి అడిగిండు, ఇచ్చిన."

ఆ పొట్లాలు పట్టుకునే వార్డులోకి వెళ్లి మిషన్ ఆపమన్నాను.

"ఏం పెట్టాల్నో మాకు తెలుసు మేడం. మీరు బయట కూసోండి" అన్నాడు ఆ డాక్టరు.

"ఇదే మాట మీ పెద్ద సారుకు ఫోన్ చేసి చెప్పండి. అప్పుడు కూర్చుంటాను."

చేశాడు. అవతలి మాటలు వింటూ వింటూనే చెయ్యి చాచి మిషన్ ఆపేశాడు. పెద్ద డాక్టరు పంపిన ఇంకో సర్జను వచ్చి తమ్ముణ్ని మళ్లీ లోపలికి తీసుకెళ్లాడు. స్పాంజి ఒక అంచున అప్పటికే అంటుకుందట. లేపుతుంటే రక్తం వచ్చి, వాళ్లు అదిమి పట్టాక ఆగిందట. పొరలు పరిచి, కొత్త స్పాంజి పెట్టి బయటికి తెచ్చేదాకా నేను గోడకు ఆనుకుని చిన్నాయనను తిడుతూనే ఉన్నాను.

బతికాడు. గాయం శుభ్రపడ్డాక ఎముక కలిపి ఇంటికి పంపారు. చూడ్డానికి వచ్చినవాళ్లతో మా క్వార్టర్ నిండిపోయింది. చిన్నాయన నడుమ కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ అన్నాడు.

"అమావాస్య దాటించినా కాబట్టి నిలబడినాడు. ఈ కాలం పిల్లోళ్లకు చెప్తే ఇనరు."

తమ్ముడు పడుకున్న చోటి నుంచే ఆయనకు రెండు చేతులూ జోడించాడు. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను.

"నువ్వు వీణ్ని చంపబోయినావు చిన్నాయనా" అన్నాను, నలుగురి ముందే.

తమ్ముడు, ఇంకా పచ్చిగా ఉన్న కుట్ల మీద చెయ్యి ఆనించుకుని, "ఊరుకో అక్కా, పెద్దాయన" అన్నాడు. వాడి మీద కూడా కోపం వచ్చింది.