రూపాయి బయానా

మా వీధిలో ఇప్పుడు నేనొక పెద్దమనిషిని. తెలియని నంబరు నుంచి డబ్బు వస్తుందని కబురొస్తే చాలు, ఎవరైనా సరే ఫోను పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేస్తారు. నేను కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, చెప్పిందే చెబుతాను. వస్తువు చూడకుండా కొంటానన్నవాణ్ని నమ్మొద్దు. బేరమాడనివాణ్ని అసలే నమ్మొద్దు. డబ్బు మనకు రావడానికి మన పిన్ను కొట్టాల్సిన పని లేదు; కొట్టామంటే పోయేది మన డబ్బే. వాళ్లు తలలూపి, "గట్టోడివన్నా నువ్వు" అని మెచ్చుకుని వెళ్తారు. ఆ గట్టితనం నాకెట్లా వచ్చిందో సగమే చెబుతుంటాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అల్లూరు దగ్గర మూడేళ్లు రొయ్యలు పెంచాను. పెంచానని నేనంటాను, తగలేశానని మా ఆవిడ అంటుంది. కిందటేడు గుంటలు వదిలేశాక రెండు ఏరియేటర్లు మిగిలాయి. గుంటలో నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలవి. పెరట్లో టార్పాలిన్ కింద పడేస్తే కోళ్లు వాటి మీద కాపురం పెట్టాయి. మా ఆవిడ పోరు పడలేక, పాత సామాన్లు అమ్మే యాప్‌లో ఫొటోలు పెట్టాను.

మర్నాడు పొద్దున పదింటికి ఫోను.

"నమస్తే సార్. నేను మిలటరీ ఆఫీసర్ని. మీ ఏరియేటర్లు చూశాను. చాలా బాగా మెయింటెయిన్ చేశారు సార్."

నా ఇన్నేళ్ల కాపురంలో నేను ఏదైనా బాగా మెయింటెయిన్ చేశానని అన్నవాళ్లు లేరు. ఫొటోలో కోళ్ల రెట్టలు కనబడలేదు కాబోలు. ఆయన సరిహద్దులో ఉన్నాడట, రాలేడట, గుంటలు బావమరిదివట, సాయంత్రం నాలుగింటికి వ్యాను పంపుతాడట. యూనిఫాంలో ఉన్న ఫొటో కూడా పంపాడు. నేను చెప్పిన ధరకు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. దేశాన్ని కాపాడే మనిషికి ధర పెంచి చెప్పానే అని నాకే సిగ్గేసింది.

"ఒక్క రూపాయి వేస్తున్నా సార్. వచ్చిందేమో చూడండి."

ఫోను టింగుమంది. వాడు వేసింది ఎర. నేను తీసుకున్నది బయానా. మా వైపు పడవ అమ్మినా గేదెను అమ్మినా, బయానా చేతిలో పడిందంటే ఆ వస్తువు ఇక మనది కాదు, అది ఒక్క రూపాయైనా సరే. తరువాత వచ్చినవాడు రెట్టింపు ఇస్తానన్నా గుమ్మంలోంచే పంపేయాలి. మా నాయన అట్లాగే బతికాడు. నేనూ మీసం సవరించుకుని, "ఇచ్చేసినట్టే అనుకోండి సార్" అన్నాను.

"బేరం చేసినాడా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"లేదు."

"అయితే వాడు కొనేవాడు కాదు."

"నీకన్నీ అనుమానాలే మే. ఆయన మిలటరీ."

"మిలటరీ వాళ్లయితే మాత్రం? వంకాయలు బేరమాడకుండానే కొంటారా?" అనేసి ఆమె బ్యాంకు పని ఉందని అల్లూరు బస్సెక్కింది.

పదకొండు కాకముందే ఒకతను బైకు మీద వచ్చాడు. సముద్రం వైపు పల్లె అతనిది, వేటకు పోయే కుటుంబం. ఈ ఏడే మొదటిసారి ఎకరా గుంట కౌలుకు తీసుకుని రొయ్యలు వేశాడు. యాప్‌లో ఫొటో చూసి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. టార్పాలిన్ తీసి, చక్రం తిప్పి, కింద చెయ్యి పెట్టి చూశాడు.

"రెక్క పగిలుండాది. గేరుబాక్సులో ఆయిలు కారతా ఉండాది. దీనికింత చెప్తే ఎట్టన్నా?"

నాకు ఒళ్లు మండింది. ఎక్కడో సరిహద్దులో ఉన్నాయనకు కనబడిన నా మెయింటెనెన్సు, ఎదురుగా ఉన్న ఇతనికి కనబడలేదు.

"బయానా తీసేసుకున్నా తమ్ముడా" అన్నాను.

అతను లేచి నా దగ్గరికొచ్చాడు. "నా ఏరియేటర్ మోటారు నిన్న కాలిపోయిందన్నా. రిపేరుకిస్తే ఎల్లుండి రమ్మన్నారు. పైన చూడు, మబ్బు పట్టుకోనుండాది, గాలి ఆడటంలా. ఈ రాత్రికి ఆక్సిజన్ పడిపోతే రొయ్యలన్నీ తేలిపోతాయి. నువ్వడిగిందే ఇస్తా. పోనీ ఈ ఒక్క రాత్రికి బాడుగకియ్యి. రేపు పొద్దన్నే తెచ్చి దించేస్తా."

నాకు తెలియని సంగతా అది? మూడేళ్లు ఆ భయంతోనే నిద్రలు కాచాను. అయినా తల అడ్డంగా ఊపాను.

"నాలుగింటికి వ్యానొస్తాది. మాటంటే మాటే."

అతను కాసేపు చక్రం మీద చెయ్యేసి నిలబడ్డాడు. "వాళ్లు రాకపోతే ఒక్క ఫోన్ కొట్టన్నా. ఏ టైమైనా వచ్చేస్తా" అని తన నంబరు నా ఫోనులో తానే ఎక్కించి వెళ్లాడు. నాకు జాలేసింది. ఆ జాలికన్నా నా మాట మీద నాకున్న గర్వం ఎక్కువ.

నాలుగైంది. వ్యాను రాలేదు. అయిదుకు ఫోను వచ్చింది.

"వ్యాను దారిలో ఉంది సార్. ముందు పేమెంటు చేసేస్తాను. కోడ్ పంపాను, స్కాన్ చేసి పిన్ను కొట్టండి. డబ్బు మీ అకౌంట్లో పడిపోతుంది."

స్కాన్ దాకా వెళ్లాను, అబద్ధమెందుకు. తెర మీద మొత్తం ధర, దాని కింద 'చెల్లించండి' అని ఉంది.

"నాకు రావాల్సిన దానికి నేను చెల్లించేదేంది?"

"మిలటరీ అకౌంట్లకు సిస్టం అంతే సార్. త్వరగా కొట్టండి."

"పొద్దున రూపాయి వేసినప్పుడు నేను పిన్ను కొట్టలేదే! అదెట్టా వచ్చిందిరా?"

వాడు హిందీలో తిట్టాడు, నేను నెల్లూరు తెలుగులో బాకీ లేకుండా తీర్చాను.

అబ్బ, ఏం సాయంత్రమది! చొక్కా మార్చుకుని సెంటర్లో టీ అంగడికి వెళ్లాను. కథ నాలుగుసార్లు చెప్పాను. మొదటిసారి వాడు ఉత్త ఆఫీసరు, రెండోసారి మేజరు, నాలుగోసారికి కల్నలయ్యాడు. టీ అంగడాయన నా దగ్గర డబ్బు తీసుకోలేదు. ఇంటికొచ్చి మా ఆవిడకు అయిదోసారి చెప్పాను. "నేను పొద్దన్నే చెప్పలా?" అంది. ఆ మాట కూడా నా ఉత్సాహాన్ని తగ్గించలేదు. హాయిగా నిద్రపోయాను.

పొద్దున కాఫీ ఇస్తూ అడిగింది: "మళ్లీ యాప్‌లో పెట్టు. ఇంకెవురూ అడగలేదా వాటిని?"

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నిన్న బైకు మీద వచ్చినతనికి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ట్రాలీ ఆటో పిలిచి, రెండు ఏరియేటర్లూ ఎక్కించి, సముద్రం వైపు పోనిమ్మన్నాను.

గుంటలో నీళ్లు కదలడం లేదు. గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు తెట్టులా పేరుకుని ఉన్నాయి. అతని భార్య మోకాటి లోతు నీళ్లలో నిలబడి చేతివలతో తీసి గంపలో పోస్తోంది. అతను ఆటోలోకి తొంగి చూశాడు. "రా అన్నా, కూర్చో" అని ప్లాస్టిక్ కుర్చీ జరిపాడు. కాలర్ పట్టుకుని నాలుగు తగిలించినా ఓర్చుకునేవాణ్ని. ఆ కుర్చీని ఓర్చుకోలేకపోయాను. ఏదో ఒకటి మాట్లాడాలి. సాయంత్రమంతా చెప్పిన కథ కదా, నోటికి అదే వచ్చింది.

"మిలటరీ కాదు, మట్టీ కాదు, దొంగనాయాలు తమ్ముడా! నాకే టోపీ పెట్టబోయినాడు. సాయంత్రం అయిదింటికే పట్టేసినా వాణ్ణి!"

ఆమె చేతివల ఆపి తలెత్తింది.

"అయిదింటికా?" అంది మెల్లిగా. "మావి తెల్లారుజామున మూడింటిదాకా బతికే ఉండాయన్నా."