తడిబట్టలు, ఒక రూమ్ స్ప్రే డబ్బా

నేను తొమ్మిదో తరగతిలో చదువు మానేశానంటే మా లెక్కల మాస్టారు ఒప్పుకునేవారు కాదు. "వీడు మొదలుపెడితే కదా మానడానికి," అనేవారు. ఆ తర్వాత పదిహేనేళ్ళు తెనాలిలో కుట్టుమిషన్ తొక్కి, మా మేనమామ కూతుర్ని చేసుకుని, ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెనకాల ఇంకో సూట్‌కేసులా కాలిఫోర్నియాలో డబ్లిన్‌ అనే ఊళ్ళోకి వచ్చిపడ్డాను. ఆ రోజుల్లో డిపెండెంట్ వీసా మీద వచ్చినవాడు ఉద్యోగం చెయ్యకూడదు. ఎదురింటావిడ జాకెట్టు కుట్టిపెట్టి డబ్బులు తీసుకున్నా తప్పేనన్నారు. దాంతో వంట, అంట్లు, బట్టలు నా శాఖలయ్యాయి. మొదటి రెండూ బాగానే నడిచాయి. మూడోదాని దగ్గరే పరువు పోయింది.

అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మిషన్ ఉంది, దాని నెత్తిన డ్రయ్యరూ ఉంది. వచ్చిన మొదటి వారమే మా ఆవిడ నూలు కుర్తాలు ఆరు డ్రయ్యర్లో వేసి, ఎంత వేడి పెట్టాలో తెలియక మీటని చివరిదాకా తిప్పేశాను. తీసి చూస్తే మూడో క్లాసు పిల్లకి సరిపోయేలా ఉన్నాయి. వాటికి కొలతలు తీసింది నేనే, కుట్టిందీ నేనే. ఇక జన్మలో డ్రయ్యర్ జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. బాల్కనీలో దండెం కడితే రెండో రోజుకల్లా ఇళ్ళు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసువాళ్ళు తలుపుకి కాగితం అంటించారు. బట్టలు బయటికి కనపడకూడదట. ఇంత పెద్ద దేశంలో ఒక లుంగీ ఆరేసుకునే హక్కు లేదు.

సరే, పడగ్గదిలోనే ఆరేయడం మొదలుపెట్టాను. కుర్చీల మీద, తలుపుల మీద, కర్టెన్ కడ్డీ మీద, ఎక్కడ చోటుంటే అక్కడ. పోపు వాసన పట్టకుండా తలుపు మూసేవాణ్ణి, చలి రాకుండా కిటికీ మూసేవాణ్ణి. వేసవి అలా గడిచిపోయింది. నవంబరులో వానలు పట్టుకున్నాయి. ఒక్కో ప్యాంటు మూడేసి రోజులు వేలాడేది. ఆరాక గోనెసంచి మధ్యలో ఎలక చచ్చినట్టు కంపు. నాకు అలవాటైపోయింది, మా ఆవిడకీ అలవాటైపోయింది. అలవాటు కానిది ఆవిడ ఆఫీసుకే.

ఒకరోజు సాయంత్రం వచ్చి, బ్యాగులోంచి రూమ్ స్ప్రే డబ్బా తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పొద్దున వెళ్ళేసరికి తన డెస్కు మీద ఉందట. చీటీ లేదు, పేరు లేదు. అంతకు ముందు వారమే పక్క సీటాయన కుర్చీ అవతలికి జరుపుకున్నాడట. అప్పుడు ఎందుకో అర్థం కాలేదట. ఇంకో రెండు వారాల్లో ఆవిడ కాంట్రాక్టు అయిపోతోంది. పర్మినెంట్ చేస్తారా లేదా అన్నది ఒక ఇంటర్వ్యూ మీద ఉంది. మేనేజర్లు ముగ్గురితో, తలుపేసిన చిన్న గదిలో, గంటసేపు.

"వాళ్ళు మొహమ్మీద తిట్టినా బాగుండేది బావా," అంది.

నా నోట్లో ఒక జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను. నాకది కొత్త.

మర్నాటి నుంచీ యుద్ధం. ముందు సబ్బు మార్చాను. తర్వాత పూల వాసన వచ్చే నీలం ద్రావకం ఒకటి తెచ్చి, మూత మీద మూత పోసి ఉతికాను. శవం మీద మల్లెదండ వేసినట్టుంది. పచ్చిబట్టల మీదే ఇస్త్రీ పెట్టాను. ఆవిరితో పాటు కంపు గదంతా లేచింది, ఇరుగుపొరుగుకి కూడా పంచినట్టయింది. చివరికి చిన్నపిల్లలకి తలంటాక జుట్టుకి పొగ వేస్తారే, ఆ తెలివి వచ్చింది. బట్టల కింద సాంబ్రాణి వెలిగించాను. అర నిమిషంలో సీలింగుకున్న అలారం మొత్తుకోవడం మొదలెట్టింది. కుర్చీ ఎక్కి దానికి కుర్తాతో విసురుతుంటే, కింది ఫ్లాటు ముసలాయన వచ్చి తలుపు కొట్టి, అంతా క్షేమమేనా అని అడిగాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో క్షేమమేనని చెప్పాను. బట్టలకి ఇప్పుడు బూజు పట్టిన గర్భగుడి వాసన. నాకు ఏడుపొక్కటే తక్కువ. నీళ్ళని తిట్టాను, సబ్బుని తిట్టాను, కొలంబస్‌ని తిట్టాను.

ఇక్కడ ఒక సంగతి దాచాను. ఆవిడ దగ్గరా దాచాను, మీ దగ్గరా దాచాను. అది బయటపడింది ఇండియన్ స్టోర్లో, బెండకాయల దగ్గర. ఇంటర్వ్యూ ఇంకా నాలుగు రోజులుంది. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక ఆంటీ మా ఆవిణ్ణి పట్టుకుని, మీ ఆయన లేకపోతే మా వారికి పొద్దు గడవదమ్మా అంది. పార్కులో షెడ్డు కింద కూర్చోబెట్టి పెద్దాళ్ళందరినీ రోజూ ఒంటిగంట దాకా నవ్విస్తాడట అని మెచ్చుకుంది. మా ఆవిడ నవ్వి, బెండకాయలు ఏరడం పూర్తి చేసింది. ఒక్కో కాయ తుంచి చూస్తుంటే నా మెడ తుంచినట్టే ఉంది.

కారు తనే నడుపుతుంది, నాకు లైసెన్సు లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది.

"మిషన్ ఎన్నింటికి వేస్తావు బావా?"

"తొమ్మిదికి."

"ఎంతసేపు తిరుగుతుంది?"

"ముప్పావుగంట."

"తీసేది?"

నేను ఒళ్ళో ఉన్న కొత్తిమీర కట్ట చూసుకున్నాను. మిషన్ వెయ్యడం, పార్కుకి పోవడం, ముసలాళ్ళని నవ్వించడం, ఒంటిగంటకి వచ్చి తియ్యడం. మూడు గంటల పైన ఆ బట్టలు మూతేసిన మిషన్లో ముద్దగా పడి ఉండేవి. ఆ పైన గాలాడని గదిలో మూడు రోజులు. బట్టలతోనే బతికిన టైలర్ని, ఆ మాత్రం తెలియక కాదు. పార్కు సంగతి బయటపడుతుందన్న భయంతో, ఏమీ తెలియనట్టు నటించి, తప్పు సబ్బు మీదికి తోశాను.

ఆవిడ అరవలేదు. "నా ఉద్యోగం పోతే ఇద్దరం కలిసే ఫ్లైట్ ఎక్కాలి," అంది. "అక్కడికెళ్ళి నవ్వించు అందరినీ."

ఆ నాలుగు రోజులూ పార్కు మొహం చూడలేదు. ఇంటర్వ్యూకి వేసుకునే నల్ల ప్యాంటు, లేత నీలం చొక్కా వేడినీళ్ళలో మళ్ళీ ఉతికి, మిషన్ ఆగే దాకా దాని ముందే స్టూలేసుకు కూర్చున్నాను. తీసి ఇంకోసారి పిండే తిప్పుడు తిప్పాను. ఒకదానికొకటి తగలకుండా జానెడు ఎడంగా, తిరగేసి, జేబులు బయటికి లాగి ఆరేశాను. కిటికీ నాలుగు వేళ్ళు తెరిచి, టేబుల్ ఫ్యాను వాటి మీదికి తిప్పాను. చలికి వణుకుతూ స్వెట్టర్ తొడుక్కున్నాను గానీ కిటికీ మాత్రం వెయ్యలేదు. కుట్టు మీద కుట్టు పడ్డచోటే తడి దాక్కుంటుంది: నడుం పట్టీ, కాలరు, చంక. అరచేతికి అందదు, పెదవికి తెలుస్తుంది. మర్నాడు మధ్యాహ్నం ఒక్కో కుట్టూ పెదవికి ఆనించి చూశాకే మడత పెట్టాను. ఏ వాసనా లేదు. ఎంత ఆనందమేసిందంటే, ఇంత సుళువైన పనికి ఇన్నాళ్ళు ఇంత చావు చచ్చానా అని మళ్ళీ ఒళ్ళు మండింది.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం తాళం తిరిగిన చప్పుడికే గుమ్మంలోకి పరిగెత్తాను. ఏమడగాలో తోచక, ఎవరైనా ముక్కు మూసుకున్నారా అని అడిగాను. గంటా పది నిమిషాలు కూర్చోబెట్టారని, ఎవరూ లేచి తలుపు తియ్యలేదని చెప్పింది. చెప్పులు విప్పి, కుర్చీలో వెనక్కి వాలి, వచ్చే నెల నుంచీ పర్మినెంట్ అంది.

నాకు ఊపిరొచ్చింది. ఊపిరితో పాటు నోరూ వచ్చింది. టేబుల్ మీద డబ్బా చేతిలోకి తీసుకుని, ఇంక దీంతో పనిలేదు, సన్మానం చేసి పారేద్దామా అన్నాను.

"ఉంచు బావా," అంది. "పార్కులో ఆ అంకుల్‌కి ఇద్దాం. పాపం, రోజూ మూడు గంటలు నీ పాచి జోకులు పీల్చేది ఆయనేగా."