నాలుగు మూలలా పసుపు

అరవైల చివర్లో రాజాంలో నాకో చిన్న ప్రెస్సు, నాలుగు పేజీల వారపత్రిక ఉండేవి. తాలూకా ఆఫీసులో గుమస్తాగా ఉన్న మా అక్క మొగుడు ఒకరోజు ఓ రహస్య ఉత్తరం తెచ్చాడు. తిరుగుబాటుదార్లకు అందకూడదని కొండ ఊళ్ళకు బియ్యం ఆపేయమన్న ఉత్తర్వు అది. పిల్లల నోటి ముద్ద లాక్కోవడం కూడా రహస్యమేనట!

“బేగి సూసి రాసుకోరా. సందేళకి మళ్ళీ ఫైల్లో పెట్టేయాల,” అన్నాడు బావ.

రాసుకుని ఉత్తరం ఇచ్చేశాను. ఆ వారమే అచ్చేశాను. పోలీసులు నన్ను పట్టుకెళ్ళి, ఎవరిచ్చారని మూడు రోజులు కొట్టారు. పళ్ళు రాలినా పేరు చెప్పలేదు. అందుకు గర్వపడ్డాను కూడా, వెధవని.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు ఆ ఉత్తరాన్నే నా ముందు పడేశాడు. మూడు ఆఫీసుల్లో ప్రతులుంటే, బావ ఆఫీసు బీరువాలో దొరికిన దానికే నాలుగు మూలలా పసుపు ఉంది. అచ్చుకొచ్చిన కాగితం ఏదైనా సరే, శుభలేఖల అలవాటు కొద్దీ, మా ప్రెస్సులో ముందు పసుపు రాస్తాం. ఆ రోజు రాసింది నేనే.

బావకు బేడీలు వేసి నా ముందు నుంచే తీసుకుపోయారు. ఆయన నన్ను తిట్టలేదు.

“ఏటిరా, అదేటి సుబలేక అనుకున్నావా?” అన్నాడంతే.