గొంతులు పట్టని పెట్టె

మా పైవాటాలో ఉండే టీచరమ్మ పోయిన వారం గుండెపోటుతో కన్నుమూశారు. పోర్టు ఆఫీసులో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. నేను సీతమ్మధారలో ఇంటికి చేరేసరికి ఆమె పనిచేసిన బడి వాళ్ళు గేటుకు ఫ్లెక్సీ కడుతున్నారు. ‘వినికిడి లేని చిన్నారుల గొంతులను భద్రపరిచిన మా పాఠశాల ఆణిముత్యం’ అని దానిమీద. చదవగానే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పటికీ తగ్గలేదు.

ఆ గొంతులను భద్రపరిచింది బడి కాదు. గోదావరి జిల్లా నుంచి, భర్తకు స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం వస్తే, ఆయనతో ఈ ఊరొచ్చారామె. వినపడని పిల్లలకు మాట నేర్పడం ఆమె పని. చేరిన రోజున ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి, ప్రతి పిల్ల గొంతూ క్యాసెట్‌లో పట్టేవారు. “వాళ్ళ గొంతు వాళ్ళకి వినపడదు బాబూ. మనమైనా వినాలి కదా” అనేవారు. తొంభైల చివర్లో బడికి సున్నాలు వేయిస్తూ సెక్రటరీగారు ఆ క్యాసెట్ల పెట్టెలను వాన పడుతుంటే వరండాలో పెట్టించారు. ఆమే ఆటోలో ఇంటికి తెచ్చుకుని, తుడిచి ఆరబెట్టుకున్నారు.

భర్త పోయి, తాను రిటైరయ్యాక, వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పిల్లల పెదవుల కదలికల వీడియోలూ చేరాయి. డిస్కు మీద డిస్కు కొంటూ కంప్యూటర్ ఉన్న చిన్న క్యాబినెట్ పెట్టెలోనే ఇరికించారు. ఒకదానికొకటి ఆనుకుని అవి సలసలా కాగేవి. ఒక ఎండాకాలం అందులో ఒకటి కాలిపోయింది. దాంట్లో ఉన్న పిల్లల గొంతులు సగం కూడా దక్కలేదు.

ఆమెను నేనే కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన మూత తీసి చూసి నవ్వాడు.

“ఏటుందండి మేడమ్ ఇందులో? పిల్లల ఏడుపులే కదా. రెండు పాత డిస్కులు తీసెయ్యండి, సరిపోద్ది.”

“ఏ పిల్లల్ని తీసెయ్యమంటారో పేర్లు చెప్పండి” అన్నారామె. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద క్యాబినెట్ కొనుక్కుని వచ్చాం.

ఆదివారం భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి డిస్కులను కొత్త పెట్టెలోకి మార్చడం మొదలుపెట్టాం. పెదవులు చూసి మాట పోల్చుకునే పిల్లలతో మెలిగి ఆమెకో అలవాటైంది. ఎదుటి మనిషి తనవైపు తిరిగేదాకా మాట మొదలుపెట్టేవారు కాదు. నేను వైర్లలో తల దూర్చి ఉంటే ఓపిగ్గా ఆగి, నేను తలెత్తాక, “ఆ స్క్రూ దీనికి పట్టదు బాబూ” అనేవారు. డిస్కుల మధ్య వేలు పట్టేంత సందు ఉంచి బిగించాం. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. చూస్తే స్విచ్ వైరు నేను తప్పు చోట గుచ్చాను. సరిచేశాక ఫ్యాన్లు తిరిగాయి.

మొదట నూకరత్నం గొంతు పెట్టారు. జాలరిపేట పిల్ల. చేరిన రోజున ఒట్టి ఊపిరి, ఒక కేక. మరుసటేడు ‘అబ్బ’. ఆ పై ఏడు ‘అమ్మ’.

“దీన్ని ఏడుపు అన్నాడా మనిషి” అన్నారామె.

ఆ నూకరత్నమే పెద్దదై అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి వెళ్తే, నోరు తెరవకముందే, మాట రాని పిల్ల అని పంపేశారు. టీచరమ్మ ఆ పిల్ల గొంతులన్నీ సీడీ చేయించుకుని, పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాను. మేనేజర్ టైం లేదన్నాడు. ఆమె అక్కడే కూర్చున్నారు. చివరికి విన్నాడు. విన్నాక నూకరత్నాన్ని పేరడిగాడు, ఊరడిగాడు. చెప్పింది. ప్యాకింగ్‌లో ఉద్యోగం ఇచ్చాడు.

తిరుగు బస్సులో నేను సంతోషిస్తుంటే ఆమె మండిపడుతున్నారు. “ఆ పిల్ల ఎదురుగా నిలబడే ఉంది కదా బాబూ. అడిగితే చెప్పేది. మధ్యలో నా సీడీ ఎందుకు?”

నిన్న బడిలో సంతాపసభ జరిగింది. ఆ సెక్రటరీగారే మైకు పట్టుకుని, గొంతులను దాచాలన్న ఆలోచన తమ సంస్థదేనని చెప్పి, కంప్యూటర్‌ని బడికి అప్పగించమని టీచరమ్మ మరిదిగారిని కోరారు. ఇల్లు ఖాళీ చేసే తొందరలో ఉన్న ఆయన తలూపబోయారు. నూకరత్నం లేచి స్టేజీ ఎక్కింది. సెక్రటరీగారు గడియారం చూపించి, “తొందరగా ముగించమ్మా” అన్నారు. ఆమె ఆయన మొహం వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

“అవి మా గొంతులు. మీకివ్వం.”

వెనక కూర్చున్న పాత విద్యార్థులంతా లేచి నిలబడ్డారు. మరిదిగారు కంప్యూటర్ నూకరత్నాన్నే తీసుకెళ్ళమన్నారు.

సాయంత్రం ఇద్దరం ఆ పెట్టెను ఆటోలో ఎక్కించాం. నూకరత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా చుట్టేసింది. గతుకుల రోడ్డులో ఆటో ఎగిరింది.

“అన్నా, మెల్లగా ఎల్లు” అంది.

ఆమె మాటను నేను విడమర్చి చెప్పబోయేలోగానే డ్రైవర్ “అలాగేనమ్మా” అని బండి నెమ్మది చేశాడు.