అబూ సాలెం పచ్చ కారు, నా బూడిద గుమ్మడికాయ

దెయ్యాన్ని చూసినవాళ్ళు మీలో కొందరైనా ఉంటారు. దెయ్యం మీదికి బూడిద గుమ్మడికాయ విసిరి, ఆ వెంటనే దాని కాళ్ళ మీద పడి, ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకున్నవాణ్ణి మాత్రం ఖతర్ మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ దెబ్బకు ఒక కారు అద్దం పగిలింది, దాని వేలం ఆగింది, నోటిదాకా వచ్చిన నా అద్దాల బీరువా లుసైల్ పాలైంది. ఇంత ఘనకార్యం చేసినవాడు నోరు మూసుకుని కూర్చోవాలి, నిజమే. కానీ మా ఆవిడ సుభద్ర ఇప్పటికే ఇక్కడి తెలుగువాళ్ళలో సగం మందికి చెప్పేసింది. మిగతా సగానికైనా నేనే చెప్పుకుంటే నా వైపు న్యాయం కూడా కాస్త వినబడుతుందని ఆశ.

దోహాలో ఏసీల కంపెనీలో ఇంజనీరుని, ఇల్లు అల్ రయ్యాన్‌లో. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లు. అసలు కార్లు కొనే తాహతు నాకెక్కడిది, వాటి నమూనా బొమ్మలు. పిల్లలు ఆడుకునేవి కావండోయ్. చిటికెనవేలితో స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగాలి, బానెట్ ఎత్తితే ఇంజను తీగలతో సహా కనబడాలి. ఆన్‌లైన్ వేలాల్లో వాటికోసం పాట పాడేవాణ్ణి. ఆఖరి క్షణంలో ఏ దేశంలోనో కూర్చున్న మహానుభావుడు నా మీద పాడి తన్నుకుపోయేవాడు. ఒక్కసారి గెలిచాను. పెట్టె విప్పితే కారుకు చక్రాలు లేవు. ఫోటో పైనుంచి తీశారు మరి.

ఇలాంటి నాకు ఏసీ పని మీద అబూ సాలెం గారి షెడ్డు చూసే భాగ్యం కలిగింది. ఆయన డెబ్బై దాటిన ఖతరీ పెద్దమనిషి. పీలగా, పొట్టిగా, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాలేమో అన్నట్టుంటాడు. అల్ ఖోర్ దాటాక ఆయనకో కూరగాయల తోట ఉంది. తోట చివర ఏసీ షెడ్డులో నాలుగు ఇంగ్లీషు కార్లు, తెల్ల గుడ్డల కింద వరసగా. తలుపు తీయగానే శవాల గదిలో అడుగుపెట్టినట్టనిపించి మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. వాటిలో పచ్చది, రెండు సీట్లది, ఆయనకు ప్రాణం. వయసులో ఉండగా ఇంగ్లండులో ఒక వేలంలో కొన్నాడట. దానితోపాటు మొదటి యజమాని తోలు చేతి తొడుగులు, కళ్ళజోడు, గెలిచిన కప్పులు, ఆ కారులో కూర్చుని దిగిన ఫోటో కూడా వచ్చాయి. ఫోటోలో కారు చక్కగానే ఉంది. మనిషి మొహాన్ని మాత్రం ఎండ తినేసింది.

ఆ షెడ్డు గోడకే ఉంది నేను చెప్పిన అద్దాల బీరువా. నేను పాడి ఓడిపోయిన బొమ్మలన్నీ అందులో బారులు తీరి ఉన్నాయి. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అబూ సాలెం గారికి మోకాళ్ళ నొప్పులు. ఆ నేలబారు కార్లలోకి దిగడం, లేవడం ఇక కుదరదని కొడుకు సాలెం తాళాలు లాగేసుకున్నాడు. అన్నిటినీ లుసైల్‌లో జరగబోయే వేలానికి పెట్టాడు. నాకు ఇంగ్లీషు వచ్చు, కార్ల పిచ్చీ ఉంది కాబట్టి ఫోటోలు తీసి, ఒక్కో కారు చరిత్ర రాసే పని నాకప్పగించాడు. వేలం కంపెనీ మనిషి వచ్చి చూసేనాటికి పచ్చ కారు మీద గీత కూడా పడకుండా ఉంటే బీరువా నీదే అన్నాడు. తండ్రి పక్కనే కూర్చుని తస్బీ జపమాల పూసలు తిప్పుతున్నాడు. నేను బీరువా వైపు చూస్తున్నాను గానీ ఆయన వైపు చూడలేదు.

సంబంధానికి జాతకం ఎలాంటిదో పాత కారుకు చరిత్ర అలాంటిది. గ్రహాలు బాగుంటే ధర పలుకుతుంది. పచ్చ కారు జాతకంలో మాత్రం మొహం లేని ఆ ఫోటో, ఆ పాత సామాను తప్ప ఏమీ లేదు. అందుకని నేనే రెండు గ్రహాలు కలిపాను. ‘మొదటి యజమాని ఈ కారును ప్రాణంలా ప్రేమించాడు. మరణించాక కూడా దీన్ని విడిచిపెట్టలేదని ప్రతీతి’ అని రాశాను. ఎవరి ప్రతీతి అంటారా, నాదే, ఆ సాయంత్రం టీ తాగినప్పటి నుంచీ.

తర్వాతిసారి షెడ్డుకు వెళ్తే నేను ముడివేసిన తెల్ల గుడ్డ తాళ్ళు విప్పి ఉన్నాయి. మరచిపోయానేమో అనుకుని మళ్ళీ కట్టాను. ఆ తర్వాతిసారి, షెడ్డు మూల కొయ్యతో చేసిన తలబొమ్మకు తగిలించిన మొదటి యజమాని కళ్ళజోడు తలుపు వైపు తిరిగి ఉంది. నేను గోడ వైపు తిప్పి పెట్టిన సంగతి నాకు బాగా గుర్తు. సీటు మీద చెయ్యి వేశాను. గదంతా ఏసీకి చల్లబడి ఉంటే ఆ ఒక్క సీటూ గోరువెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. పెడళ్ళ దగ్గర ఒక ఖర్జూరం గింజ పడి ఉంది, ఇంకా తడిగానే.

ఇంకో మధ్యాహ్నం పని ముగించి బయటికొచ్చి తాళం వేస్తున్నాను. లోపల హారన్ మోగింది. పెద్దగా కాదు, నిద్రలో ఎవరో మూలిగినట్టు ఒకే ఒక్కసారి. తాళం చెవి చేతిలోనే ఉంది. తలుపు తీసి చూడొచ్చు. మీరైతే చూసేవారేమో. నేను మాత్రం తాళం గట్టిగా లాగి చూసుకుని, నా కారు దాకా పరుగెత్తాను.

తోటకు డ్రైవరు, కాపలాదారు అన్నీ ఓబులేసే. కడప జిల్లావాడు. షెడ్డులోకి ఎవరైనా వస్తున్నారా అని మర్నాడు అతన్ని నిలదీశాను. దోసపాదుల వైపు చూస్తూ, ఎవరూ రారన్నాడు.

"మీరు మాత్రం మధ్యానం పూట రావాకండి సార్" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పేది. రావాకండి, అంతే."

గింజ సంగతి చెప్పాను. ఇంగ్లీషు దెయ్యమైతే ఖర్జూరం ఎలా తింటుందని, అక్కడికి నా తెలివంతా ఉపయోగించి అడిగాను.

"అది ఈ దేశానికొచ్చి ఎన్నేండ్లాయ సార్. మనం ఖుబ్బూస్ రొట్టెలు తినడం ల్యా?"

నేను రాసిన ప్రతీతి నా ఎదుటే నిజమైపోతోంది. ఇంటికెళ్ళి సుభద్రకు చెప్తే ఆవిడ బెదరలేదు. మా కాకినాడలో సైకిల్ కొన్నా దిష్టి తీస్తాం, అన్నేళ్ళ కారును ఏ దిష్టీ తీయకుండా సంతలో నిలబెడితే దెయ్యం కాక ఏం వస్తుందంది. మరునాడే కూరగాయల మార్కెట్ నుంచి బూడిద గుమ్మడికాయ తెప్పించింది. పైన చిన్న బిళ్ళ కోసి, లోపల కుంకుమ పోసి, మీద కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి కారు ముందు నేలకేసి కొట్టమని చెప్పింది. నేల అన్న మాట ఆవిడ చెప్పింది, నేను విన్నాను. ఈ విషయంలో మా ఇద్దరి మధ్యా తగాదా లేదు.

వేలం కంపెనీ మనిషి వచ్చేది శనివారం. నేను గురువారం మధ్యాహ్నం గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. అల్ ఖోర్ దాటేసరికి దుమ్ము లేచింది. ఈ దేశపు దుమ్ము మీకు తెలియంది కాదు. ఆకాశం ముందు పసుపు రంగుకి, తర్వాత ఇటుక రంగుకి తిరిగింది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలియలేదు. తోటలో ఒక్క పిట్ట కూత లేదు. ఖర్జూరపు చెట్లు ఒకదాని తర్వాత ఒకటి మాయమైపోతున్నాయి. ఓబులేసును పిలిస్తే పలకలేదు.

షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మూడు కార్లు గుడ్డల కింద పడుకుని ఉన్నాయి. నాలుగో గుడ్డ నేల మీద కుప్పగా పడి ఉంది. పచ్చ కారు లేదు. కొయ్య తల మీద కళ్ళజోడు కూడా లేదు.

అప్పుడు వినబడింది, దుమ్ములోంచి ఇంజను చప్పుడు. దగ్గే ముసలివాడిలా ఆగి ఆగి వస్తోంది. బయటికొచ్చి నిలబడ్డాను. గాలికి అడ్డం తిరిగి కర్పూరం వెలిగించాను. రెండు పసుప్పచ్చ దీపాలు దుమ్ములో తేలుతూ నా వైపే వస్తున్నాయి. దీపాల వెనక బానెట్, బానెట్ వెనక అద్దం. అద్దం వెనక డ్రైవరు సీటు చూశాను. ఖాళీ. కారు తనంతట తనే మలుపు తిరిగింది, తనంతట తనే హారన్ కొట్టింది, నా మీదికి వస్తోంది. మూడుసార్లు తిప్పడం మాట దేవుడెరుగు, ఉన్న బలమంతా కూడదీసి గుమ్మడికాయ విసిరాను.

నేను జీవితంలో విసిరిన ఏదీ అంత గురిగా తగల్లేదు. అద్దం ఫెళ్ళుమంది. గుజ్జూ, కుంకుమా కలిసి సీట్ల నిండా చిమ్మాయి. కారు ఆగిపోయింది. అప్పుడు అవతలి వైపు నుంచి, తెల్లటి బట్టల్లో, నల్ల కళ్ళజోడుతో, మొహమంతా ఎర్రగా కారుతూ ఒక ఆకారం మెల్లగా పైకి లేచింది.

సాష్టాంగపడ్డాను. ఇంగ్లీషు దెయ్యం కదా, మన మంత్రాలు అర్థంకావని ఇంగ్లీషే అందుకున్నాను. "సర్, సారీ సర్. ఐ యామ్ ఓన్లీ రైటింగ్ కేటలాగ్ సర్."

ఆకారం కళ్ళజోడు తీసింది. "యా రామ్మూర్తీ," అంది నీరసంగా, "వేష్ హాదా?"

ఏమిటిది అని అడిగింది అబూ సాలెం గారు.

ఇంగ్లీషు కారుకు స్టీరింగు కుడివైపు ఉంటుంది. కుడివైపు స్టీరింగున్న దేశంలో పుట్టి, కుడివైపు స్టీరింగు మీద డ్రైవింగ్ నేర్చుకుని, కుడివైపు స్టీరింగున్న బొమ్మలకోసం వేలాల్లో చొక్కా చించుకున్నవాణ్ణి నేను. అయినా ఇన్నేళ్ళ ఖతర్ ఉద్యోగంలో నా కళ్ళు ఎడమ సీటుకే అలవాటుపడిపోయాయి. ఎడమవైపు చూశాను, మనిషి లేడు. కుడివైపు ఉన్న మనిషి పొట్టి కాబట్టి దుమ్ములో ఆయన తల అద్దంలోంచి కనబడనే లేదు.

పరుగున వచ్చిన ఓబులేసు నీళ్ళు తెచ్చాడు. మొహం కడుక్కున్నాక ముసలాయన ముక్కలైన అద్దం వైపు చూసి మొదట నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. కొడుకు కళ్ళుగప్పి, దాచుకున్న రెండో తాళంచెవితో రోజూ మధ్యాహ్నం వచ్చి ఆ కారులో కూర్చునేవాడట. నేను వస్తే పక్క కారు గుడ్డ కింద నక్కేవాడట. హారన్ మోగిన రోజు మోచెయ్యి తగిలింది. నేను తాళం వేసి పారిపోతే, ఓబులేసు వచ్చి తీసేదాకా బందీగా లోపలే ఉండిపోయాడు. ఎవరికీ చెప్పొద్దని ఓబులేసు చేత ఒట్టు వేయించుకున్నాడు.

"ఇది పోతుందని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు" అన్నాడు హిందీలో. "సాలెంకు చెప్పకు. చెప్తే తోటకు కూడా రానివ్వడు."

నాకు చాలా సిగ్గేసింది. బీరువా కోసం నేను పస్తున్నాను, కారు కోసం ఆయన పస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే జబ్బు, నేను మాత్రం ఆయన జబ్బును అమ్మకానికి పెట్టడానికి కష్టపడి చరిత్ర రాస్తున్నాను.

శనివారం వేలం కంపెనీ దొర వచ్చాడు. ఎర్రటి సీటును వేలితో రాసి వాసన చూశాడు. పాతకాలపు అద్దం పోయిందనీ, తోలు పాడైందనీ, ఈ వేలంలో దీన్ని పెట్టలేమనీ తేల్చేశాడు. ఎవరు చేశారని సాలెం అందరి మొహాలూ చూశాడు. గుమ్మడికాయల దొంగంటే ఊరికే భుజాలు తడుముకునేవాళ్ళుంటారు. నా భుజాల మీద నిజంగానే గింజలుండేవి, మొన్నటిదాకా.

"నేనే" అన్నాను. "బండి ముందు గుమ్మడికాయ కొట్టడం మా ఆచారం."

"ముందా, మీదా?" అన్నాడు సాలెం.

ముసలాయన పూసలు ఆగిపోయాయి. గురి తప్పిందని చెప్పాను.

బీరువా లుసైల్ వెళ్ళింది. నేనూ వెళ్ళాను, శవయాత్రకు వెళ్ళినట్టు. ఫోనులో పాడిన ఎవరో మొహం తెలియని మనిషి దాన్ని కొనుక్కున్నాడు. ఇద్దరు కూలీలు మోసుకుపోతుంటే నా గుండెలో నిజంగానే కలుక్కుమంది. పచ్చ కారుకు మాత్రం కొత్త అద్దం వేయించారు. దానికిక వేలంలో ఏం ధర పలుకుతుందిలే అని సాలెం ఆశ వదిలేసుకున్నాడు. తోట కంచె దాటకుండా, పక్కన ఒక మనిషి ఉంటే, తండ్రి దాన్ని నడుపుకోవచ్చని ఒప్పుకున్నాడు. ఆ పక్క మనిషిగా అబూ సాలెం గారు నన్నే కోరుకున్నాడు. కారును కాపాడినవాడికి అందులో సగం హక్కుందట. ఆ సగం ఎడమ సీటు.

ప్రతి శుక్రవారం వెళ్తున్నాను. కాళ్ళు అందక ఆయన సీటు అంచుకు జారి, ఖర్జూరపు చెట్ల మధ్య సందుల్లోంచి పోనిస్తాడు. నేను కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడిస్తాను. తోటలో కూరలు కొనడానికి వచ్చే కుటుంబాలు గట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తుంటాయి.

మొన్న ఎవరింట్లోనో పూజ పేరంటంలో కొత్తగా వచ్చిన ఒకావిడ సుభద్ర చెవిలో చెప్పిందట. "అల్ ఖోర్ తోటకు వెళ్ళకండి వదినా. అక్కడో తెలుగు దెయ్యం కారు నడుపుతోంది. ఎడమ సీట్లో దండం పెట్టుకుని కూర్చుంటుంది, చేతిలో స్టీరింగైనా ఉండదు. దాని మొహం అచ్చం మీ ఇంట్లో ఫోటోలో అన్నయ్యగారిలాగే ఉంది."

కనుక ఖతర్‌లోని సమస్త తెలుగు ప్రజల ఎదుటా, మా ఆవిడ సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ దెయ్యం ఎదురైనా, దాని రెండు సీట్లూ చూడకుండా గుమ్మడికాయ ఎత్తను. నేను బతికే ఉన్నాను కాబట్టి, నన్ను చూసి మీరు కూడా ఎత్తవద్దని మనవి.