నేల చూసి కుర్చీ నడిపే వదిన

మా వదిన పెద్ద విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోస్తుంది. నడవలేనివాళ్ళని, ఒక విమానం దిగి ఇంకో విమానం అందుకోవాల్సిన పెద్దవాళ్ళని ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి చేర్చడం ఆమె ఉద్యోగం. వాళ్ళ మాటల్లో ప్రయాణికుడనేవాడు ఉండడు, కుర్చీయే ఉంటుంది. "పొద్దున్నుంచి ఊపిరాడలేదయ్యా. ఒక కుర్చీకి నిద్ర, ఒక కుర్చీకి కోపం, ఇంకో కుర్చీ అయితే దారంతా కోడలి మీద చాడీలే" అంటూ సాయంత్రం మా గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంది.

అన్న, వదిన పై వాటాలో ఉంటారు. నేనూ, నా భార్యా, ఇంకా నడక రాని మా పాపా కింద వాటాలో ఉంటాం. అన్న పనిచేసే గోదాము మూతపడ్డాక పై వాటా ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ సంగతి ఎవరూ పైకి అనరు.

పాత టెర్మినల్లో ఆమెకి తెలియని మూల లేదు. అయితే ఆ దారులు ఆమెకి ఎలా తెలుసో ఆమె కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. పనిలో చేరిన రోజునే నేర్పిన పాఠం ఒకటుంది: ముందు చక్రాల మీద నుంచి కళ్ళు తీయకూడదు. రాళ్ళ మధ్య అతుకు తగిలినా, లిఫ్టు అంచు తగిలినా కూర్చున్నవాళ్ళ నడుం కలుక్కుమంటుంది. అందుకని ఇన్నేళ్ళూ ఆమె నేలనే చూసింది. బూడిదరంగు తివాచీ అయిపోయి ఎర్రరాయి మొదలైతే విమానాశ్రయం లోపల తిరిగే చిన్న రైలు దగ్గరికొచ్చినట్టు. మూల విరిగిన పలక కనిపిస్తే ఎడమ చేతి వైపు తిరగాలి. తల మీద వేలాడే బోర్డుల్లో ఏముందో ఆమెకి పట్టలేదు.

కొత్త టెర్మినల్ కట్టారు. పాతదాన్ని నెలాఖరుకి మూసేస్తామన్నారు. కుర్చీలు తోసేవాళ్ళందరికీ పరీక్ష పెట్టారు: ఎవరినీ అడగకుండా, చెప్పిన గేటుకి వేళకి చేరాలి. కొత్త టెర్మినల్లో నేలంతా ఒకటే తెల్లరాయి. అతుకు లేదు, మరక లేదు, విరిగిన పలక అసలే లేదు. ఖాళీ కుర్చీతో బయల్దేరిన వదిన చాలాసేపు నడిచి, చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చింది. సూపర్‌వైజరు అక్కడే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడట.

"ఏమ్మా, ఊరు చూసొచ్చావా?" అన్నాడట.

నెలాఖరులో ఇంకొక్క అవకాశం. అదీ పోతే పాత టెర్మినల్‌తో పాటే ఆమె పనికీ తాళం పడుతుంది.

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఏదైనా కొలతల్లోకి తెస్తే లొంగుతుందని నా నమ్మకం. రెండు సాయంత్రాలు కూర్చుని కొత్త టెర్మినల్‌కి పటం గీశాను. ఒక్కో వరస గేట్లకి ఒక్కో రంగు వేశాను. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"బ్రహ్మాండంగా ఉందయ్యా సైంటిస్టూ. కానీ దీన్ని చూడాలంటే మళ్ళీ తల దించాలి కదా?"

పటం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ఆమె కిందికి దిగి వచ్చి చేతులు చాపింది. "పిల్లనివ్వు. దాని తోపుడు బండి కూడా."

"ఎక్కడికి వదినా?"

"బజారుకి. పైకి చూస్తూ, బోర్డులు చదువుకుంటూ బండి తోస్తాను. నేలకేసి చూడకుండా తోయడం నాకు రావాలి."

"ఖాళీ బండితో నేర్చుకోవచ్చుగా?"

"ఖాళీ కుర్చీతోనేగా తప్పిపోయాను! లోపల మనిషి ఉంటేనే నా చేతులకి బుద్ధుంటుంది."

"ఇచ్చేయండి, మీరు ఊరికే కంగారు పడతారు" అని లోపల్నుంచి నా భార్య. నేను బండి బెల్టు మూడుసార్లు లాగి చూశాను. చక్రాలు తిప్పి చూశాను. తర్వాత పాప కన్నా ముందు నేను నడిచాను, అదీ వెనక్కి వెనక్కి, రాళ్ళు కాలితో తోసేస్తూ.

"తాళాలు బాగుచేస్తాం. మేడ మీద కళ్ళ డాక్టరు. కుడివైపు సందులో దర్జీ" అని వదిన గట్టిగా చదువుతోంది.

"వదినా, గుంట!"

"చెప్పకు! నువ్వు చెబితే నేను చూసేస్తాను."

"చూడాలనే చెబుతున్నా!"

సైకిళ్ళ కొట్టతను బయటికొచ్చి, "ఏంటండీ, దొరగారొస్తున్నారా? దారి ఊడ్చేస్తున్నారు!" అన్నాడు. అతను నవ్వుతూండగానే బండి వెళ్ళి అతని సైకిలుకే గుద్దుకుంది. పాప కిలకిలా నవ్వింది. నేను మాత్రం బండి లాక్కుని ఇంటివైపు తిప్పేశాను.

మళ్ళీ ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ ఆ రాత్రి పై వాటాలో ఖాళీ పీటని గోడ నుంచి గోడకి తోస్తున్న చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున్న బండి నేనే బయట పెట్టాను. ఈసారి పటం గీయలేదు. ఆమె చేతులు పిడి మీద పెట్టించి, కళ్ళు మూసుకోమన్నాను.

"గడప అడ్డమొస్తే పిడి నీ వైపు తంతుంది. ముందు చక్రం పల్లంలోకి దిగితే పిడి పైకి లేస్తుంది. అప్పుడు వెంటనే వెనక్కి వంచు. కళ్ళతో పనిలేదు."

నాలుగైదుసార్లు వరండా గడప మీదుగా నడిపి చూసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి నా వంక ఉరిమి చూసింది.

"ఇది ముందే చెప్పొచ్చుగా, ఆ రంగు పెన్సిళ్ళు అరగదీసే బదులు!"

అప్పట్నుంచి రోజూ డ్యూటీకి ముందు బజారే. మా వీధిలో ఏ కొట్టు బోర్డు మీద ఏముందో నాకన్నా మా పాపకే ముందు తెలిసిపోయి ఉంటుంది. నెల సగమయ్యేసరికి వదిన మూత లేని కాలువ అంచున కూడా తల దించకుండా పక్కకి తిప్పగలిగింది. నేను మాత్రం వెనక్కి నడవడం మానలేదు.

పరీక్ష రోజు, "సిబ్బంది గేటు బయట ఉండు. పిల్లని కూడా తీసుకురా" అంది. వెళ్ళాం. లోపల జరిగింది ఆమె తర్వాత చెప్పినదే.

ఈసారి ఖాళీ కుర్చీ కాదు. కూతురి పురుటికి వెళుతున్న ఒక పెద్దావిడ, ఒళ్ళో మూటతో. సూపర్‌వైజరు వెనకాలే నడుస్తున్నాడు. వదిన తలెత్తి బోర్డులు చదువుకుంటూ సగం దూరం వెళ్ళింది. అంతలో పైన తెరమీద ఆవిడ విమానం వరస ఒక్కసారి మినుకుమని, గేటు అంకె మారిపోయింది. కొత్త గేటు రెండో కొసన ఉంది. అక్కడికి రైలెక్కాలి. వదిన కుర్చీ గిర్రున తిప్పింది.

"అమ్మాయ్, బాణం అటు చూపిస్తుంటే ఇటు తిప్పుతావేంటి?" అని పెద్దావిడ కేకేసింది.

"గేటు మార్చారు మామ్మా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. పైన రాశారు, చూశాను."

"సరిగ్గా చూశావా? నా మనవడు నాకోసం ఆగి పుట్టడు!"

"ఆగకపోతే మనమే ముందు చేరదాం. మూట గట్టిగా పట్టుకోండి."

సూపర్‌వైజరు కూడా తలెత్తి చూశాడట. రైలు తలుపు దగ్గర సందు మీద పిడి కొంచెం పైకి లేచింది. వదిన కళ్ళు అప్పుడు తలుపు పైనున్న స్టేషన్ల పేర్ల మీద ఉన్నాయి. చేతులు వాటంతటవే కుర్చీని వెనక్కి వంచి దాటించేశాయి. ఒళ్ళోని మూట కదల్లేదు. గేటు దగ్గర విమానం ఎక్కేవాళ్ళ వరస ఇంకా మిగిలి ఉండగానే చేరారు.

బయట నాకివేమీ తెలియవు. పాపకి ఎండ తగలకుండా బండిని గోడ నీడ వెంట జరుపుతూ నిలబడ్డాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. వదిన తిన్నగా వచ్చి బండి మీదికి వంగింది. ఆమె మెడలో పాత టెర్మినల్ పసుపు కార్డు లేదు, కొత్తదాని నీలం కార్డు వేలాడుతోంది. పాప దాన్ని అందుకుని నోట్లో పెట్టేసుకుంది.

"వదినా, దాన్ని ఎంతమంది ముట్టుకున్నారో..."

"ఉండవయ్యా. సగం దానిదే."

పిడి పట్టుకుని, తలెత్తి, బస్సుల బోర్డు కోసం వెతకసాగింది. నేను ఎప్పటిలాగే ముందుకెళ్ళి గుంటలు చూడడం మొదలుపెట్టాను.