గీత ఉండాల్సిన గడిలో పేరు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం కాదు, చిరాకు. కాకి తల మీద తన్నిందని మా అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి నెత్తిన నీళ్లు పోస్తే, ఆ తడిబట్టలతోనే ఆవిడతో అరగంట దెబ్బలాడినదాన్ని. పద్దెనిమిదేళ్లుగా జ్వరాల మీద పరిశోధన చేసే ల్యాబులో టెక్నీషియన్‌ని. రోజూ చీపురుపల్లి నుంచి శ్రీకాకుళం పోయి వస్తాను. కంటికి కనబడనివి ఉన్నాయని నాకూ తెలుసు. కాకపోతే వాటిని నేను మైక్రోస్కోపులో చూస్తాను.

కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా దగ్గర మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ ఒకటుంది. జ్వరమొచ్చిన మనుషుల రక్తం చిన్న ట్యూబుల్లో పోసి, గళ్ల పెట్టెల్లో పెట్టి అందులో దాస్తాం. ఈరోజు అంతుపట్టని జబ్బు, రేపు కొత్త పరీక్ష వస్తే తేలుతుందని ఆశ. ఏ గడిలో ఎవరి ట్యూబు ఉందో పెట్టె మూత మీద గళ్లు గీసి పేర్లు రాసుకుంటాం. తాళం నా దగ్గరే. ఏ పెట్టె ఎవరు తీసినా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఈ విషయంలో నేను రాక్షసినని మా వాళ్లంటారు, అననీండి.

మూడేళ్ల క్రితం కళింగపట్నం దగ్గర, చేపల వేట మీద బతికే ఒక పల్లెలో జ్వరాలు పాకాయి. శిబిరం పెట్టి రక్తం తీశాం. మగవాళ్లు వణుకుతూ చాపల మీద పడి ఉన్నారు, పేర్లు చెప్పాల్సింది వాళ్ల భార్యలు. అక్కడే వచ్చింది తంటా. ఆ పల్లెలో పెద్దవయసు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు.

రాములమ్మ అని ఒకావిడ వచ్చింది. భర్త పేరేటని అడిగితే తలొంచుకుని, "మా పెద్దోడి అయ్యమ్మా" అంది.

"అలాగని రాసుకుంటానేటి? పేరు సెప్పు."

"అమ్మో, పేరెట్టి ఎలాగంతాను తల్లీ!"

వెనక వరుస రోడ్డు దాకా ఉంది. ఎండకి తల పగిలిపోతోంది. నాకు ఒళ్లు మండింది. పేరు రాయాల్సిన చోట అడ్డంగా ఒక గీత గీసి, "పదపద" అన్నాను. సాయంత్రం ఆశ కార్యకర్తను అడిగి నింపుదామనుకున్నాను. నింపలేదు. ఆ రోజు అలాంటి గీతలు తొమ్మిది. పెట్టె మూత మీదా తొమ్మిది గీతలే గీశాను. ట్యూబుల మీద నంబర్ల చీటీలున్నాయి కదా అని నా ధీమా.

తర్వాత తుఫానుకి కరెంటు పోయి, పెట్టెలు మార్చే హడావిడిలో చెమ్మకి ఆ చీటీలు ఊడిపోయాయి. పేర్లున్న ట్యూబులను మూత చూసి పోల్చుకున్నాం. గీతలున్న తొమ్మిదీ ఎవరివో తెలిసే దారి లేకుండా పోయింది. రాములమ్మ భర్త అంతకు చాలా ముందే, శిబిరం పెట్టిన ఐదో రోజుకే చనిపోయాడు.

మొన్న వర్షాకాలంలో ఆమె మళ్లీ కనిపించింది. పట్టపగలు, మా ల్యాబు కిటికీ దగ్గర. పెద్దకొడుకు ఎర్రయ్యని పెద్దాసుపత్రిలో చేర్చారు. తండ్రికి వచ్చినట్టే జ్వరం, అదే ఆయాసం.

"ఈడు కూడా ఎల్లిపోతాడేటమ్మా?" అంది.

మా డాక్టరమ్మకి ఒక అనుమానం ఉంది. బురదలో, నిలవనీటిలో బతికే ఒక క్రిమి. దాన్ని పట్టే కొత్త పరీక్ష ఇప్పుడు మా దగ్గర ఉంది. కానీ ఎర్రయ్యకి అప్పటికే బయట ఏవేవో ఇంజెక్షన్లు పొడిచారు. అతని రక్తంలో ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. కిడ్నీలు పాడవుతున్నాయి, తప్పు మందు వేస్తే తట్టుకోడని ఆసుపత్రిలో వెనకాడుతున్నారు. తండ్రి రక్తం ఏ మందూ పడకముందు తీసింది. ఇద్దరూ ఒకే ఏటి బురదలో వలలు లాగినవాళ్లు. తండ్రి రక్తంలో ఆ క్రిమి దొరికితే కొడుక్కి ధైర్యంగా మందు మొదలుపెట్టొచ్చు.

కిట్టులో ఇంకొక్క పరీక్షకే సరుకుంది. కొత్తది విశాఖ నుంచి రావడానికి రెండ్రోజులు. ఎర్రయ్యకి అంత టైము లేదు. తొమ్మిది ట్యూబుల్లో ఏది తీయను?

"ఇప్పుడైనా ఆ పేరేదో సెప్పవే తల్లీ" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, ప్లాస్టిక్ కవరులోంచి పాత రేషన్ కార్డు తీసి చేతిలో పెట్టింది. అందులో ఉన్న పేరు గురువులు. ఆ పేరు నేను చూడటం అదే మొదటిసారి.

పేరు తెలిసి ఒరిగేదేమీ లేదు, మూత మీద ఉన్నవి గీతలు. అయినా వెళ్లి ఫ్రీజర్ తెరిచాను. డాక్టరమ్మ నా వెనకే ఉంది. మూత మీద మంచు దట్టంగా పట్టింది. గ్లవుజు వేలితో గీకాను.

ఎనిమిది గీతలు. తొమ్మిదో గడిలో గురువులు అని ఉంది. నీలం సిరా, నా చేతిరాత. కొమ్ముల్ని కిందికి సాగదీసి రాయడం నా అలవాటు, అదీ అలాగే ఉంది.

"రాసే ఉందిగా. ఇందాకట్నుంచి ఎందుకండీ ఈ గోల?" అంది డాక్టరమ్మ.

ఆ ట్యూబే పరీక్షకి పెట్టాను. సాయంత్రం నాలుగున్నరకి క్రిమి ఉందని తేలింది. ఎర్రయ్యకి ఆ మందు ఎక్కించారు. పదో రోజుకి జ్వరం దిగింది. కొత్త కిట్టు వచ్చాక మిగతా ఎనిమిది ట్యూబులూ పరీక్షించాం. ఒక్కదాంట్లో కూడా ఆ క్రిమి లేదు.

నేనే ఎప్పుడో రాసి మర్చిపోయానేమోనని ముందు సరిపెట్టుకున్నాను. తర్వాత ఫోన్ తీసి చూశాను. అంతకు రెండు నెలల ముందు తనిఖీ కోసం ప్రతి మూతకీ ఫొటో తీసి ఉన్నాను. ఆ ఫొటోలో తొమ్మిది గీతలున్నాయి. ఆ తర్వాత ఆ పెట్టె ఎవరూ తీసినట్టు పుస్తకంలో లేదు. పైగా గడ్డకట్టిన మూత మీద పెన్ను పారదు. నాలుగు రకాల పెన్నులతో గీసి చూశాను. అన్నిటికంటే ముందు, రేషన్ కార్డు చూసేదాకా ఆ పేరే నాకు తెలియదు.

డాక్టరమ్మకి ఫొటో చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, ఫోన్ తిరిగిచ్చి వెళ్లిపోయింది.

ఇంకో మాట రాయాలి, సిగ్గుగా ఉన్నా. శిబిరం పెట్టిన మూడో రోజున, రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూడ్డానికి పెట్టిన సీసాల్లో, పేరు లేని ఒకదాంట్లో ఏదో క్రిమి పెరిగింది. బయటి చెత్త పడి ఉంటుందిలే అని పారేయించింది నేనే. మిగతా ఎనిమిదింట్లో ఏమీ లేదు కాబట్టి అది గురువులు రక్తమని ఇప్పుడు తెలుసు. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు.

కొడుకుని ఇంటికి పంపే రోజున రాములమ్మని పిలిచి అంతా చెప్పేశాను. పారేసిన సీసా సంగతీ చెప్పాను, మూత మీద పేరు సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు.

"ఆ నెత్తురింకా ఉన్నాదా అమ్మా?" అంది.

"కొంచెం ఉంది."

"ఒక్కసారి సూపిత్తావా?"

ముట్టుకోనివ్వకూడదు. గాజు తలుపుకి అవతల ఆమెని నిలబెట్టి, ఇవతల నేను ట్యూబు పైకెత్తి పట్టుకున్నాను. చుట్టూ తెల్లగా చలిపొగ. ఆమె గాజు మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"అంత సలిలో ఎట్టీసేరేటమ్మా? ఆయనకి సలి పడదు. సేపలేట నించొస్తే కుంపటి కాడే కూకునీవోడు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ట్యూబులో రక్తం కరిగిపోతుందని గబగబా లోపల పెట్టేశాను.

ఆ పేరు ఎవరు రాశారో నాకు ఈ రోజుకీ తెలియదు. మూడేళ్లకి మించి ఉంచకూడదని మా రూలు, ఆ ఏడాది ట్యూబులన్నీ ఇప్పుడు కాల్చేయాలి. జాబితా నా బల్ల మీద ఉంది. సంతకం పెట్టమని డాక్టరమ్మ రెండుసార్లు గుర్తు చేసింది. ఇంకా పెట్టలేదు.